బూటు గుంత

ఆమె పోయిందని చిత్తూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. అయ్యో అనే మాటకంటే ముందు నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న, "ఆయనుండాడా?" అని.

"ఉండాడు. తిరుపతిలోనే ఉండాడు. కబురు చెప్తే వచ్చిపోయినాడు," అన్నాడు.

ఆ మాట వినగానే నా మనసు కుదుటపడింది. ఉండనీ. ఆమె లేని లోకంలో ఆయన ఇంకొన్నాళ్ళు ఉండాల్సిందే. చావుకబురు విన్న మనిషి ఇలా అనుకోకూడదని నాకు తెలుసు. కానీ ఆమెను తలుచుకున్నప్పుడు నాకు జాలి కలగదు. జాలిపడే అవకాశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇంకా పెళ్ళి కాలేదు. కొర్లగుంట పక్కన ఒక మిద్దె మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంట్లో ఆమె, ఆమె భర్త. ఆయన బ్యాంకు మేనేజరు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమెను అక్కా అని, ఆయనను సార్ అని పిలిచేవాణ్ణి.

బెంగళూరులో చదువుకునేటప్పుడు నాకొక పిచ్చి అంటుకుంది. చిటికెన వేలంత సైనికుల బొమ్మల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో దూరం కొలుచుకుంటూ ఒకరి మీదికి ఒకరు జరుపుకునే యుద్ధపు ఆట అది. యుద్ధం జరిగేది మన భూమి మీద కాదు. ఎప్పుడో రాబోయే కాలంలో, ఏదో దూరపు గ్రహం మీద. తిరుపతిలో కూడా ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ముగ్గురు దొరికారు. ఆదివారం మధ్యాహ్నం నా గదిలో చేరేవాళ్ళం. మా గ్రహం మీద కొండలంటే పుస్తకాల దొంతర్లు, భవనాలంటే చెప్పుల అట్టపెట్టెలు.

ఒక ఆదివారం మా అరుపులకు ఆమె మెట్లెక్కి వచ్చింది. తిట్టడానికే వచ్చింది. బల్ల చూసి ఆగిపోయింది.

"ఇదేందప్పా?"

"ఊరక్కా. వేరే గ్రహం మీద ఊరు."

ఆమె వంగి, చెంప బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి, అట్టపెట్టెల మధ్య సందులోకి చూసింది. ఆ చూపును నేను తర్వాత ఎన్ని వందలసార్లు చూశానో. బొమ్మ నిలబడిన ఎత్తు నుంచి చూస్తే తప్ప ఊరు ఊరా కాదా తెలియదని ఆమె నమ్మకం.

"ఈ ఊర్లో ఎవురన్నా ఉండారా?" అంది.

"సైనికులు..."

"వాళ్ళు కొట్టుకునేకి వచ్చినోళ్ళు. వాళ్ళు రాకముందు ఎవురుండ్రి? వాళ్ళకి నీళ్ళు యాడ్నించి వస్తాయి? గుడ్డలు యాడ ఆరేసుకుంటారు?"

ఆమె తిట్టడం మరచిపోయి కిందికి దిగిపోయింది.

మళ్ళీ ఆదివారానికి ఒక నీళ్ళ ట్యాంకు పట్టుకుని వచ్చింది. టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్క, కుక్కర్ పాత రబ్బరు చుట్టు, సెలైన్ గొట్టం, మాత్రలు అయిపోయిన అట్టలు. అవన్నీ కలిసి ఎక్కడో ఎర్రటి గాలుల మధ్య ఎవరో కొన్ని తరాలుగా వాడుకుంటున్న ట్యాంకు అయిపోయాయి. తుప్పు కూడా ఉంది. కింద కారిన నీళ్ళకు పాచి పట్టింది. పాచి ఎండబెట్టిన కరివేపాకు పొడి అని దగ్గరగా వాసన చూస్తే తప్ప తెలియలేదు.

ఆమెది నగరి. మరమగ్గాల ఇల్లు. పెళ్ళయ్యాక మగ్గం వదిలేసింది కానీ మగ్గం ఆమెను వదలలేదు. భవనం కడితే ముందువైపు కంటే వెనకవైపు ఎక్కువ శ్రద్ధగా రంగు వేసేది. గోడకు ఆనించే పక్కకు కూడా కిటికీలు పెట్టేది. ఎవరు చూస్తారక్కా అంటే, "మా నాయన చీర కొనేటోళ్ళకి ముందు ఎనకపక్క చూపిస్తాండె," అనేది.

హాక్సా బ్లేడును గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి థర్మోకోల్ కోసేది. ఎడమచేతి వాటం. ఆ చేతి వేళ్ళ చివర్లు ఎప్పుడూ కాలి ఉండేవి. మొదటిసారి డబ్బా స్ప్రే రంగు కొట్టినప్పుడు ఆ రంగు థర్మోకోల్‌ను తినేసింది. మేమంతా అయ్యో అన్నాం. ఆమె ఆ గుంటలు పడిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గ్రహంలో వాన మంచిది కాదు. కురిసిన చోటల్లా ఇట్ల తినేస్తాది," అంది. ఆ రోజు నుంచి ఊరికి ఆ వానంటే భయం. ఇళ్ళ మీద రేకులు వాలుగా వచ్చాయి, వీధుల్లో మూతలున్న కాలువలు వచ్చాయి. ఒక సందు చివర చెత్తకుప్ప కూడా పెట్టింది. "మనుషులుండే చోట చెత్త ఉండాల," అనేది.

ఆ ఊరు పెరిగి పెరిగి నా గదిలో పట్టలేదు. కింద హాల్లో నేల మీద పెద్ద ప్లైవుడ్ పలక వేసి దాని మీద పరిచింది. కొబ్బరిచిప్పల గోపురాల కింద ఇళ్ళు. చంద్రగిరి దారిలో నుంచి తెచ్చి పాత పంచెలో జల్లించిన ఎర్రమట్టి, బంకలో కలిపి పూసిన నేల. రెండు గోపురాల మధ్య దారం కట్టి, దాని మీద ఉతికిన గుడ్డలు. ఆ గుడ్డలు నగరి నుంచి తమ్ముడు తెచ్చిన పీలికలు. ఒక్కొక్కటి గోరంత. చొక్కాకు చేతులున్నాయి. ఆదివారాలు మేము అక్కడ ఆడేటప్పుడు ఆ గుడ్డల మీదికి పాచిక పడితే ఆమె ఆట ఆపించేది.

దాదాపు రెండేళ్ళు కట్టింది ఆ ఊరిని.

ఆయన గురించి కూడా చెప్పాలి. చెడ్డవాడని వీధిలో ఎవరూ అనరు. గొంతు పెంచడు. చెమట పట్టకుండా చొక్కా కాలరు లోపల రుమాలు నాలుగు మడతలు పెట్టుకుంటాడు. భార్య పని గురించి అడిగిన వాళ్ళతో, "మా ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండాది లెండి," అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. అప్పుడు.

ఒకరోజు ఆయన పై అధికారి కొండ మీద దర్శనం చేసుకుని, గుండుతో, నుదుట నామంతో మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. సార్‌కు రావాల్సిన ప్రమోషన్ ఆయన చేతిలో ఉందట. వడ్డించడానికి చెయ్యి సాయం కావాలని ఆమె నన్ను కూడా పిలిచింది. అందుకే నేను అక్కడున్నాను.

పలకను వెనక గదిలోకి జరపమని సార్ ముందురోజే చెప్పాడు. జరిపితే విరిగిపోతుందని ఆమె దాని మీద పాత చీర కప్పింది. ఆ అధికారి కుతూహలం ఉన్న మనిషి. చీర కొస ఎత్తి చూశాడు. తర్వాత మొత్తం ఎత్తాడు. తర్వాత నేల మీద చతికిలపడి కూర్చున్నాడు. ఇదేంటి, అదేంటి అని ఆమెను అడుగుతూనే ఉన్నాడు. పప్పు చల్లారింది. ప్రమోషన్ మాట ఎత్తడానికి సార్ రెండుమూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆ పెద్దమనిషి కాలువల మీద మూతలు ఎందుకున్నాయో వింటున్నాడు. చివరికి లేస్తూ సార్ భుజం తట్టి, "ఏమయ్యా, మీ బ్రాంచి కూడా ఈమెకే అప్పగిస్తే పోలా? నీకంటే ప్లానింగ్ బాగా తెలుసు," అన్నాడు.

అందరం నవ్వాం. సార్ కూడా నవ్వాడు.

ఆయనను కారు దాకా సాగనంపి సార్ తిరిగి వచ్చాడు. ఇంట్లోకి బూట్లతో ఎప్పుడూ రాని మనిషి, బూట్లతోనే వచ్చాడు. మొహంలో కోపం కనిపించలేదు. పలక ఈ చివర ఎక్కి, ఎండిన వంక దాటినట్టు ఊరి మీదుగా నడిచి ఆ చివర దిగాడు. వెనక్కి తిరిగాడు. ఈసారి కొంచెం పక్కగా, మొదటిసారి మిగిలిపోయినవాటి మీద నడుచుకుంటూ వచ్చాడు. కొబ్బరిచిప్పలు పగిలిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు విప్పి, స్టాండులో పెట్టి, చేతులు కడుక్కున్నాడు.

"తలకాయ నొస్తాండాది. కాఫీ ఇయ్యి," అన్నాడు.

ఆమె వెళ్ళి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చింది. ఆయన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నేను వంగి ఒక గోపురం ముక్క తీయబోయాను.

"ఏదీ కదపొద్దప్పా," అంది. "పైకి పోయి నీ కెమెరా తీసుకురా."

నేను దిగి వచ్చేసరికి ఆమె సుద్దముక్కతో ఒక్కొక్క పెంకు చుట్టూ గీత గీస్తోంది. ఎక్కడ పడింది, ఎటు తిరిగి పడింది, ఏది దేని మీద పడింది, అన్నీ. నాచేత అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీయించింది. ఆమె కళ్ళు తడిగా లేవు. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, ఆ శిథిలాల మధ్యకు చాలాసేపు చూసింది.

"మంచిగనే కూల్చినాడు," అంది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆమె చేసిన పని లాంటిది నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఊరిని తిరిగి కట్టలేదు. కూలినదాన్ని కూలినట్టే కట్టింది. ఫొటోలు పక్కన పెట్టుకుని, ప్రతి పెంకును పడినచోటే పడినట్టే అతికించింది. విరిగిన థర్మోకోల్ అంచులకు బూడిద రంగు పూసి, లోపల సన్న ఇనుప తీగలు గుచ్చి, వంగిన కమ్ములు బయటికి పొడుచుకొచ్చినట్టు చేసింది. అగరొత్తి నిప్పుతో కిటికీల చుట్టూ పొగచూరించింది. దండెం తెగి గుడ్డలు మూత పగిలిన కాలువలో పడ్డాయి. వాటిని తీసి ఉతకలేదు. పడినట్టే, మట్టితో సహా, బంకతో బిగించింది.

ఊరి నడుమ బంక కలపకుండా వదిలిన మెత్తటి ఎర్రమట్టి మీద ఒక పూర్తి బూటు అచ్చు పడింది. మడమ, అడుగున ఉండే అడ్డగీతలు, కంపెనీ గుర్తు, అన్నీ. ఆమె దాని మీద పల్చటి బంక, ఆ పైన వార్నిష్ పూసి, రాయిలా గట్టిపరిచింది. అందులో ఒక్క దుమ్ము రేణువు కూడా పడనివ్వలేదు.

అంతా అయ్యాక పలకను నేల మీద పెట్టలేదు. భోజనాల బల్ల మీద పెట్టింది. పలక బల్లకంటే పెద్దది. అంచులు నాలుగు పక్కలా బయటికి వచ్చాయి. కంచం పెట్టడానికి జాగా లేదు.

ఆ సాయంత్రం సార్ వచ్చి చూసి నిలబడిపోయాడు. "అన్నం యాడ తినేది?" అన్నాడు.

"మీకు స్టూలు తెప్పించినానండి," అంది ఆమె. "గోడ పక్కన కూచ్చోండి. గాలి బాగా వస్తాది."

ఆ రోజు నుంచి ఆయన ఒళ్ళో కంచం పెట్టుకుని, ఎదురుగా ఆ ఊరిని చూస్తూ తిన్నాడు. ఆమె ఆయన్ని ఒక్క మాట తిట్టగా నేను వినలేదు. ఆయనకు ఇష్టమైన పులుసు మానలేదు. అంతకుముందు అప్పుడప్పుడు నువ్వు అనేది, ఇప్పుడు అన్నీ మీరు, అండి.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కరువుండదు. కొండకు పోయేవాళ్ళు పోయేముందు ఒక పూట, దిగి వచ్చాక ఒక పూట. గుండ్లకు గంధం పూసుకున్న పెద్దనాయనలు, చిన్నమ్మలు, సార్ ఊరి నుంచి వచ్చిన ఆయన చిన్ననాటి స్నేహితులు, బ్యాంకు వాళ్ళు. హాల్లోకి అడుగుపెట్టిన ప్రతి మనిషీ భోజనాల బల్ల దగ్గర ఆగేవాడు.

"ఇదేందమ్మా, ఇంత బాగుండాది? ఎవురు చేసినారు?"

"ఇద్దరం చేసినాం," అనేది ఆమె, విస్తరి వేస్తూ. "కట్టింది నేను. ఈ అందం తెచ్చింది ఆయన. బూట్లేసుకోని అట్ల ఒకసారి, ఇట్ల ఒకసారి నడిచినారు. అదో, ఆ అచ్చు ఆయనదే. ఇంగొంచెం రసం పోసుకోండి."

గొంతులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. అదే భయంకరం. వచ్చినవాళ్ళు మొదట నవ్వేవాళ్ళు, తర్వాత సార్ మొహం చూసేవాళ్ళు, తర్వాత తల వంచుకుని తినేవాళ్ళు. వాళ్ళు తమ ఊళ్ళకు లడ్డుతో పాటు ఆ మాట కూడా తీసుకుపోయేవాళ్ళు. కొన్నాళ్ళకు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు బల్ల చూసి అడగడం మానేశారు. నేరుగా వెళ్ళి అచ్చును చూసి, సార్ కాళ్ళ వంక చూసేవాళ్ళు.

ఆయన ఆ బూట్లు ఎవరికో ఇచ్చేశాడు. చెప్పులతో బ్యాంకుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆమె అది కూడా వదల్లేదు. నలుగురిలో, "మీ బూట్లు కనపడవేమండి? మంచి బూట్లు, గట్టి అడుగు," అనేది.

మా ఆటగాళ్ళకు మాత్రం ఆ నేల, ఆట జరిగే పలకను మేమలాగే అనేవాళ్ళం, ఒక పండగ. అంత నిజమైన శిథిలం మా ఆట పుస్తకాల్లోని బొమ్మల్లో కూడా లేదు. కబురు పాకి చెన్నై నుంచి ఒక పెద్దాయన నెలకోసారి రైలెక్కి వచ్చేవాడు, తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. బూటు అచ్చు మా ఆటలో ఒక స్థలం అయిపోయింది. దానికి మేము బూటు గుంత అని పేరు పెట్టాం. అందులో దిగిన సైనికుడికి తూటా తగలదు. అందుకని ప్రతి ఆటలోనూ దానికోసమే కొట్లాట. ఆదివారం మధ్యాహ్నమంతా, తలుపు దగ్గరికి వేసుకుని పడుకున్న సార్ చెవిన పడేలా, "బూటు గుంత నాది", "బూటు గుంతలోకి పోతాండా" అని అరుచుకునేవాళ్ళం. నేను మిగతావాళ్ళకంటే కొంచెం గట్టిగానే అరిచేవాణ్ణి. అందుకు నాకిప్పుడూ బాధ లేదు.

ఒకసారి మెట్ల దగ్గర సార్ నన్ను ఆపాడు. "నేనేమన్నా ఆమె మీద చెయ్యి చేసుకున్నానాప్పా? అట్టముక్కలు తొక్కినాను. అంతే గదా."

"ఆమెకు కూడా అది తెలుసు సార్," అన్నాను.

"మరి?"

నేను పైకి వెళ్ళిపోయాను.

ఏడాది తిరిగాక ఆ పై అధికారి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కొండ, మళ్ళీ గుండు. ఈసారి సార్ బయట హోటల్లో భోజనం పెట్టిస్తానన్నాడట. ఆ ఊరు మళ్ళీ చూడాలని ఆయనే పట్టుబట్టి వచ్చాడు. వస్తూనే బల్ల చూసి, "అయ్యో, ఏమైందమ్మా? భూకంపమా?" అన్నాడు.

సార్ చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. ఆమె దాన్ని అందుకోలేదు.

"మీరు పోయినసారి వచ్చిపోయినాంక జరిగింది సార్. ఈయనకి బాగా గుర్తుంటాది. చెప్పండి," అంది భర్తతో. "ముందు ఏ పక్క నుంచి ఎక్కినారు? నాకు ఆ ట్యాంకు మూల సరిగ్గా తెలీక అట్లనే వదిలేసినా. మీ కాలు ముందు దాని మీద పడిందా, తిరిగొచ్చేటప్పుడు పడిందా?"

అధికారి సార్ మొహం చూశాడు, ఆ అచ్చు చూశాడు, గుమ్మం దగ్గర విడిచిన సార్ చెప్పులు చూశాడు.

"తిరిగొచ్చేటప్పుడు," అన్నాడు సార్.

"ఆ. నేనూ అదే అనుకున్యా," అని ఆమె లోపలికి వెళ్ళి వంట సంగతి చూసుకుంది.

ఆ అధికారి కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. ప్రమోషన్ ఏమైందో నేను అడగలేదు. సార్ అదే బ్రాంచిలో అదే కుర్చీలో ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆయన మెత్తబడ్డాడు. చెన్నైకి పని మీద వెళ్ళినప్పుడు ఎవరినో అడిగి తెలుసుకుని, విదేశాల నుంచి వచ్చిన ప్లాస్టిక్ భవనాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. ఆమె రెండు చేతులతో అందుకుని, "చాలా బాగుండాదండి," అని, ఆదివారం రాగానే దాన్ని విప్పకుండానే మా చేతికి ఇచ్చేసింది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఆ రోజే చెన్నై పెద్దాయన ఉండబట్టలేక అడిగాడు. "ఎందుకమ్మా ఇంకా? మనిషి ఎంత తగ్గిపోయినాడో చూడు. మన్నించేయకూడదా?"

"ఆయన నన్ను మన్నించమని అడగలేదన్నా," అంది ఆమె. "దీన్ని బల్ల మీంచి తీసెయ్యమని అడిగినాడు. రెండూ ఒకటి కాదు."

తలుపు అవతల నుంచి ఆయన విన్నాడనుకుంటాను. ఎందుకంటే కొద్దిరోజుల తర్వాత, నేను అద్దె ఇవ్వడానికి కిందికి దిగినప్పుడు, ఆయన బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి కూడా ఆయన ఆగలేదు. ఆగితే మళ్ళీ అనలేనని భయపడ్డాడేమో.

"తప్పయింది," అన్నాడు. "నాకు తెలుసు తప్పని. ఈ ఒక్క గోడ, ఇది నేను నిలబెడతా. నువ్వు సూపిచ్చు, నేను అతికిస్తా. ఒక్క గోడ."

ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టి లేచి వచ్చింది. ఆ గోడ దగ్గర చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూసింది.

"వద్దండి," అంది. "ఈ ఊర్లో మీ పని అయిపోయింది."

వెళ్ళి మళ్ళీ కాయలు ఒలుచుకుంది. ఆయన చాలాసేపు ఆ గోడ మీద చెయ్యి పెట్టి, ఆనీ ఆననట్టు, నిలబడ్డాడు.

ఇంత కసి ఒక మనిషిలో ఉంటుందా అని నా భార్య ఈ సంగతులు విన్నప్పుడల్లా అంటుంది. ఉంటుంది. నేను చూశాను. ఆ కసిలో ఆమె చిక్కిపోలేదు, నిద్ర చెడగొట్టుకోలేదు. చక్కగా తిన్నది, నవ్వింది, మాకు కొత్త నేలలు కట్టిచ్చింది. మంచు గ్రహం ఒకటి ఉప్పుతో, మైనంతో చేసింది. బెంగళూరులో ఆట దుకాణం పెట్టుకున్నవాళ్ళు ఆమె చేత నేలలు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఎంత పని ఉన్నా, బల్ల మీది కూలిన ఊరిని మాత్రం రోజూ ఉదయం తనే దుమ్ము దులిపేది.

ఒక సోమవారం పొద్దున ఆమె మెట్లెక్కి నా గదికి వచ్చింది. నేను కాలేజీకి బయల్దేరుతున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నేను చిత్తూరుకు పోతాండానప్పా. మా తమ్ముడు ఆడ ఒక పోర్షను చూసినాడు. బెంగుళూరోళ్ళ పనికి జాగా బాగుంటాది."

"ఎన్నాళ్ళక్కా?"

"పోతాండా అంటే పోతాండానే."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "ఏమన్నాడు సార్? మళ్ళా ఏమన్నా చేసినాడా?"

"ఏమీ చేయలేదు పాపం," అంది. ఆ పాపం అనే మాట ఆమె నోట ఆయన గురించి నేను మొదటిసారి విన్నాను. "నిన్న నేను గుడికి పోయి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గరుండాడు. నా చిన్న కుంచె తీసుకోని దుమ్ము దులుపుతాండాడు. గోపురం ముక్కలు, కమ్ములు, ఆ కాలవలో గుడ్డలు, అన్నీ. ఒక్కటి కదలకుండా. ఏది యాడుండాదో నాకంటే బాగా తెలుసు ఆయనకి. నేను వాకిట్లో నిలబడి చూసినా. కోపం కోసరం చూసుకున్యా నాలో. లేదు. అయిపోయింది."

"అయితే ఇంగ ఉండిపోవచ్చు గదక్కా," అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది, ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఏమీ తెలుసుకోని మనిషిని చూసినట్టు.

"కోపముండిన్నాళ్ళూ నాకీడ పనుండె. ఇప్పుడు ఈ ఇంట్లో నాకేముండాదప్పా?"

గురువారం తమ్ముడు మినీ లారీ తెచ్చాడు. మంచు గ్రహం, కొత్త నేలలు, రంగుల డబ్బాలు, హాక్సా బ్లేడ్లు, మాత్రల అట్టలు నింపిన గోతాలు, అన్నీ ఎక్కించాం. బల్ల మీది ఊరిని ఎత్తడానికి నేనూ తమ్ముడూ చెరో పక్క పట్టుకున్నాం.

"అది వద్దు," అంది. "అది ఆయనది. నేను కట్టింది ఎప్పుడో పోయింది."

సార్ కాలరులో రుమాలు పెట్టుకుని వరండాలో నిలబడ్డాడు. అడ్డం పడలేదు. ఏదో ఒక మాట ఆమె అంటుందని చూస్తున్నాడు. ఆమె ఆయన దగ్గర ఆగి, "పులుసు గిన్నెలో ఉండాది. రాత్రికి ఎచ్చబెట్టుకోండి," అని చెప్పి లారీలో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. వెనక్కి చూడలేదు.

లారీ మలుపు తిరిగాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. "నీకేమన్నా చెప్పిందాప్పా?"

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆమె తరఫున ఆ ఒక్క పని నాకు మిగిలిందనిపించింది.

"కోపం అంతా పోయిందని చెప్పింది సార్."

ఆయన మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆ నాలుగేళ్ళలో ఆయన మొహం అలా చూడలేదు నేను. "పోయిందనిందా? నిజంగా?"

"నిజంగా సార్."

"అట్లయితే వస్తాది," అన్నాడు. "పదైదు రోజులుండి వస్తాది. కోపం పోయినాంక ఇంగేముండాది."

నేను ఆ మాట సరిదిద్దలేదు. ఆయన గేటు వెయ్యబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, బార్లా తెరిచిపెట్టి లోపలికి వెళ్ళాడు.